‘రియాక్టివ్’ అన్న మాట దగ్గరే ఆగిపోయిన ఒక లివర్ ప్యాకేజీ గురించి

గత ఏడాది మా బావమరిది తన ఆఫీసులో జరిగిన రక్తదాన శిబిరంలో రక్తం ఇచ్చాడు. దాతల రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి కాబట్టి, నాలుగో రోజున బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. హెపటైటిస్ బి పరీక్ష తేడాగా వచ్చిందని, బయట మరోసారి చూపించుకోమని చెప్పారు. అతనికి నలభై ఏళ్లు, ఏ అలవాట్లూ లేవు, కళ్లు పచ్చబడింది లేదు, ఆకలి తగ్గింది లేదు. ఆ రాత్రి మా ఇంటికి వచ్చి, “బావగారూ, పిల్లలను దగ్గరకు తీసుకోవచ్చా?” అని అడిగాడు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పేవాడిని, వైద్యుడిని కాను. హెపటైటిస్ బి ముద్దు పెడితేనో, కంచం పంచుకుంటేనో అంటుకునేది కాదని మాత్రం ఆ రాత్రి గట్టిగా చెప్పగలిగాను.

తరువాత కొన్ని నెలల్లో మేము మూడు చోట్ల ఆశ్రయం వెతికాము. ఒక పేరున్న డయాగ్నస్టిక్ కేంద్రంవారి ‘లివర్ ప్యాకేజీ’ చేయించాము, ఒక మూలికల దుకాణంలో నేల ఉసిరి చూర్ణం కొన్నాము, చివరకు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని హెపటైటిస్ చికిత్స కేంద్రానికి వెళ్లాము. ఈ సమీక్షలో ముఖ్యంగా ఆ ప్యాకేజీ గురించే రాస్తున్నాను. మిగిలిన రెండింటినీ పక్కన పెట్టి చూస్తేగాని దాని లోటు ఏమిటో నాకే పూర్తిగా అర్థం కాలేదు.

మంచి సంగతులు ముందు చెప్పాలి. కేంద్రం శుభ్రంగా ఉంది, టోకెను ఇచ్చిన పది నిమిషాల్లో రక్తం తీశారు, తీసిన అమ్మాయి చెయ్యి తేలికైనది, సూదిని మా కళ్ల ముందే కొత్త ప్యాకెట్టు చించి తీసింది. హెపటైటిస్ బి భయంతో వెళ్లినవారికి ఈ చివరి సంగతి చిన్నది కాదు. సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. ప్యాకేజీలో కాలేయ పనితీరు పరీక్ష, హెపటైటిస్ బి ఉపరితల యాంటిజెన్‌కు (వైరస్ పైపొరలోని ప్రోటీన్) కార్డు పరీక్ష, హెపటైటిస్ సి యాంటీబాడీకి (వైరస్‌కు ఎదురుగా ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్) కార్డు పరీక్ష, పొట్ట అల్ట్రాసౌండ్ ఉన్నాయి.

కార్డు పరీక్షను దగ్గరగా చూసే అవకాశం ఆ రోజు నాకు దొరికింది. నేను సైన్సు మాస్టారినని తెలిసిన టెక్నీషియన్ లోపలికి పిలిచి చూపించాడు. చూపుడు వేలంత ప్లాస్టిక్ పెట్టె, దానికి ఒక చివర చిన్న గుంట, మధ్యలో కిటికీ. గుంటలో సీరం చుక్కలు వేయగానే ఆ తేమ లోపలి పట్టీ వెంట మెల్లగా పాకుతుంది. దారిలో బంగారపు సూక్ష్మ కణాలకు అతికించిన యాంటీబాడీలు ఉంటాయి. సీరంలో వైరస్ ఉపరితల యాంటిజెన్ ఉంటే అది వాటిని పట్టుకొని ముందుకు వెళ్లి, ‘టీ’ అన్న అక్షరం దగ్గర పట్టీకి అతికించి ఉన్న రెండో యాంటీబాడీకి చిక్కుతుంది. అక్కడ పోగుపడిన బంగారు కణాలే మన కంటికి ఎర్రటి గీతగా కనిపిస్తాయి. ‘సీ’ దగ్గర గీత పడితేనే కార్డు సరిగా పనిచేసినట్టు. మా వాడి కార్డులో ముందు ‘సీ’ దగ్గర ముదురు గీత, పది నిమిషాల తరువాత ‘టీ’ దగ్గర లేత గులాబీ గీత కనిపించాయి. గీత మసకగా ఉందని ఆశపడబోయిన నన్ను ఆ కుర్రవాడు ఆపాడు. మసక గీత అయినా పాజిటివే, అయితే తయారీదారు చెప్పిన సమయం దాటాక తేలిన గీతను మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు అన్నాడు. ఆ ఒక్క వాక్యానికి నేను అతనికి ఋణపడి ఉన్నాను, ఎందుకంటే ఆ కేంద్రంలో మాకు దొరికిన వివరణ అంతా అదే.

రిపోర్టులో ‘రియాక్టివ్’, అంటే పాజిటివ్, అని ముదురు అక్షరాలతో ఉంది. దాని కింద ‘వైద్య లక్షణాలతో సరిపోల్చుకోగలరు’ అన్న ఒక వాక్యం ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

ఉపరితల యాంటిజెన్ పాజిటివ్ అంటే వైరస్ ఒంట్లో ఉంది అని మాత్రమే అర్థం. అది నిన్న మొన్న వచ్చిందా, ఏళ్ల తరబడి ఉందా, నిద్రాణంగా ఉందా, కాలేయాన్ని కొరుకుతోందా అన్న ప్రశ్నలకు ఆ గీత జవాబు చెప్పదు. ఆరు నెలలు దాటి నిలిచి ఉంటే దీర్ఘకాలికం అంటారు. వైరస్ లోపలి భాగమైన కోర్ యాంటిజెన్‌కు మొదట పుట్టే ఐజీఎం రకం యాంటీబాడీ ఉంటే సాధారణంగా ఇటీవలి సంక్రమణ అనుకుంటారు. హెచ్‌బీఈఏజీ అనే మరో వైరస్ ప్రోటీన్, వైరస్ డీఎన్‌ఏ పరిమాణం చూస్తే దాని చురుకుదనం తెలుస్తుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య, ఎస్‌జీఓటీ అనే కాలేయ ఎంజైము కలిపి లెక్క వేస్తే కాలేయంలో మచ్చ కట్టిందా అన్న ప్రాథమిక అంచనా వస్తుంది. ఈ పరీక్షల్లో ఎస్‌జీఓటీ తప్ప ఒక్కటి కూడా ప్యాకేజీలో లేదు. ప్లేట్‌లెట్లు కూడా లేకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. అదే సూదితో ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి ఇంకో రెండు మిల్లీలీటర్లు తీస్తే సరిపోయేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్చిలో హెపటైటిస్ బి మార్గదర్శకాలను సవరించినప్పుడు చెప్పిన ముఖ్యమైన మాటల్లో ఇదొకటి: ఉపరితల యాంటిజెన్ పాజిటివ్ వచ్చిన వెంటనే రోగిని మళ్లీ రమ్మనకుండా, వీలైతే అదే నమూనాతో డీఎన్‌ఏ పరీక్షకు పంపాలి. ఒక పరీక్ష ఫలితమే తరువాతి పరీక్షను తనంతట తానుగా కదిలించే ఈ పద్ధతి ఖరీదైన యంత్రాల కన్నా ఎక్కువ మందిని కాపాడుతుందని నా నమ్మకం. అదే సంస్థ ఆ ఏడాది వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 25.4 కోట్ల మంది హెపటైటిస్ బితో జీవిస్తున్నారు. వారిలో తమకు ఆ వ్యాధి ఉందని తెలిసినవారు 13 శాతం, చికిత్స అందినవారు సుమారు 3 శాతం. భారతదేశంలో హెపటైటిస్ బితో జీవిస్తున్నవారు 2.98 కోట్లు. పదమూడుకూ మూడుకూ మధ్య జారిపోయినవారిలో చాలామంది చేతిలో మా వాడి చేతిలో ఉన్నటువంటి కాగితమే ఉండి ఉంటుంది.

ఇక రిపోర్టులోని అంకెల సంగతి. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము ఎస్‌జీపీటీ 46 వచ్చింది. ఆ కేంద్రం 50 వరకు మామూలే అని ముద్రిస్తుంది కాబట్టి దాని పక్కన ఏ గుర్తూ లేదు. హెపటైటిస్ బి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాటించే హద్దు పురుషులకు 30, స్త్రీలకు 19. అంటే మామూలు కాలేయ పరీక్షగా చూస్తే నిశ్చింతగా ఉన్న అంకె, హెపటైటిస్ బి రోగి అంకెగా చూస్తే హద్దు దాటి ఒకటిన్నర రెట్లు ఉంది. ఒకే కాగితం మీద పై వరుసలో ‘రియాక్టివ్’ అనీ, కింది వరుసలో ఏ గుర్తూ లేని 46 అనీ ముద్రించినప్పుడు, ఆ రెండు వరుసలను కలిపి చదివే బాధ్యత ఎవరిది? అల్ట్రాసౌండులో మొదటి దశ ఫ్యాటీ లివర్ అని రాశారు. కౌంటరులోని పెద్దమనిషి దానినే పట్టుకొని, “నూనె తగ్గించండి, మూడు నెలల తరువాత ఇదే ప్యాకేజీ మళ్లీ చేయించండి” అన్నారు. మా వాడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊరట మాకు పది వారాల ఆలస్యాన్ని తెచ్చిపెట్టింది.

ఆ పది వారాల్లోనే చూర్ణం ఇంట్లోకి వచ్చింది.

మన ప్రాంతంలో పచ్చకామెర్లంటే పసరు మందు గుర్తుకు రాని ఇల్లు ఉండదు. ఏదో ఒక ఊరి పేరు, ఫలానా వారంనాడు తెల్లవారుజామున ఇచ్చే మందు, ఉప్పు లేని పథ్యం మనకు అలవాటైన సంగతులు. మా అత్తగారు ప్రతి వేసవిలోనూ గుంటగలగర ఆకు రసమో, నేల ఉసిరి కషాయమో తాగేవారు. ఆవిడ మాట కాదనలేక నేనే దుకాణానికి వెళ్లి సీసా తెచ్చాను. చూర్ణం నాణ్యంగానే కనిపించింది. పచ్చిక వాసన, నాలుక మీద చేదు, వేళ్ల మధ్య రాస్తే ఇసుక తగలలేదు. సీసా మీద ‘తొంభై రోజుల్లో హెపటైటిస్ బి నెగటివ్’ అన్న హామీ మాత్రం ఉంది. మోతాదులో క్రియాశీల పదార్థం ఎంతో, సీసం వంటి లోహాలకు పరీక్ష జరిగిందో లేదో తెలిపే మాట ఒక్కటీ లేదు.

నేల ఉసిరిని తేలికగా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ మొక్క వెనుక గౌరవించదగిన పరిశోధన చరిత్ర ఉంది. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ మద్రాసు పరిశోధకులతో కలిసి ఆ మొక్కను పరీక్షించారు. 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన వారి వ్యాసం ప్రకారం, ముప్పై రోజులు చూర్ణం వాడిన 37 మందిలో 22 మందికి ఉపరితల యాంటిజెన్ మాయమైంది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కాని తరువాత ఇతర దేశాల్లో చేసిన ప్రయత్నాల్లో ఆ ఫలితం తిరిగి రాలేదు. 2011 నాటి కాక్రేన్ సమీక్ష ఈ జాతి మొక్కలపై వచ్చిన ప్రయోగాలన్నిటినీ పోగు చేసి, ఉత్తుత్తి మందుతో పోలిస్తే నమ్మదగిన లాభం కనబడలేదని తేల్చింది. దుకాణదారు మొదటి సగం చరిత్రనే చెబుతాడు. రెండో సగం కూడా చెప్పినప్పుడే అది విజ్ఞానం అవుతుంది.

మొక్కల నుంచి వచ్చే పదార్థాలతో పదే పదే ఎదురయ్యే చిక్కు ఇదే. టీ ఆకులోని ఈజీసీజీ, పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాల పళ్లెంలో పెంచిన కణాలలోకి హెపటైటిస్ సి వైరస్‌ను చొరబడనివ్వకుండా ఆపాయి. పళ్లెంలో మందు నేరుగా కణాన్ని తాకుతుంది. మనిషి మింగినది పేగును దాటి, కాలేయంలో మార్పులు చెంది, రక్తంలో ఆ గాఢతను చేరుకోవాలి. కర్క్యుమిన్ విషయంలో అది దాదాపు జరగదు. మిల్క్ థిసిల్ గింజల నుంచి తీసే సిలిమారిన్ లివర్ టానిక్‌గా ఎన్నో మందుల షాపుల్లో దొరుకుతుంది. ఇంటర్‌ఫెరాన్ అనే పాత చికిత్సకు లొంగని 154 మంది హెపటైటిస్ సి రోగులకు మామూలు కన్నా ఎక్కువ మోతాదులో 24 వారాలు ఇచ్చి చూస్తే, ఎంజైములు తగ్గడంలో ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా లేదని 2012లో ప్రచురించారు. పైగా కర్క్యుమిన్ ఒంటికి పట్టడానికి మిరియాల సారం కలిపి అమ్మే మాత్రల సంగతి వేరు. పసుపు మాత్రలు వాడి కాలేయం దెబ్బతిన్న పది మంది వివరాలను 2022లో అమెరికా వైద్యులు ప్రచురించారు, వారిలో కొందరి మాత్రల్లో మిరియాలు కూడా ఉన్నాయి. పప్పులో వేసే పసుపుకు దీనితో సంబంధం లేదు. కాని ఇప్పటికే వైరస్ ఉన్న కాలేయం మీద గాఢమైన సారాలను ప్రయోగించడం ఎంత సాహసమో మా ఇంట్లో అందరికీ అప్పుడే అర్థమైంది.

మరి పసరు తాగినవారందరికీ ఎందుకు నయమైంది అని మా అత్తగారు సూటిగా అడిగారు. న్యాయమైన ప్రశ్న. మన ఊళ్లలో కలుషితమైన నీటితో వచ్చే కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వస్తాయి. అవి చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. పెద్దయ్యాక హెపటైటిస్ బి సోకినవారిలో కూడా సుమారు 95 శాతం మందికి ఏ మందూ లేకుండానే వదిలిపోతుంది. ఆ వారాల్లో ఎవరు ఏది తాగితే ఆ కీర్తి దానికే దక్కుతుంది. పుట్టుకతో తల్లి నుంచి సోకినప్పుడు మాత్రం లెక్క తిరగబడి, సుమారు 90 శాతం మంది శిశువులలో అది జీవితాంతం ఉండిపోతుంది. అటువంటివారికి సాధారణంగా కళ్లు పచ్చబడవు కాబట్టి పసరు అవసరమని కూడా తెలియదు. ఈ మాట చెబుతున్నప్పుడు అది మా ఇంటి సంగతే అని నాకు తోచలేదు.

ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమని చెప్పింది మా పాఠశాలకు వచ్చే ఏఎన్ఎం. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైందని, బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితమని ఆవిడ ద్వారానే మాకు తెలిసింది. కేంద్రాన్ని పట్టుకోవడం కష్టమైంది. బోర్డు మెట్ల వెనుక ఉంది, ఓపీ చీటీ ఇచ్చేవారికే ఆ గది నంబరు తెలియదు, డీఎన్‌ఏ నమూనా వారంలో ఒక రోజే తీస్తారు, ఫలితానికి మూడు వారాలు పట్టింది. ఈ లోపాలు దిద్దదగినవి, దిద్దవలసినవి కూడా. ఓపిక లేని రోగి మొదటి రోజే వెనక్కి వెళ్లిపోతాడు.

అయినా గది లోపల జరిగిన పని నాకు సంతృప్తి కలిగించింది. వైద్యురాలు పాత రిపోర్టు చూసి, ప్లేట్‌లెట్లు ఎక్కడ అని మొదట అడిగారు. అవి 2,10,000 వచ్చాయి. ఎస్‌జీఓటీ 44, దాని గరిష్ఠ హద్దు 40. 44ను 40తో భాగించి, వచ్చిన దానిని వేలల్లో చెప్పే ప్లేట్‌లెట్ల సంఖ్య 210తో భాగించి, 100తో హెచ్చించారు. 0.52 వచ్చింది. కొత్త మార్గదర్శకాలలో 0.5 దాటితే గమనించదగిన మచ్చ ఉన్నట్టు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క అది. పది వారాల ముందే ఆ డయాగ్నస్టిక్ కేంద్రంలో చేసి ఉండవచ్చు.

ఆవిడ సలహాతో బయట, కాలేయం ఎంత బిరుసెక్కిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాము. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. కుడి చెయ్యి తల కిందకు పెట్టుకొని వెల్లకిలా పడుకుంటే, పక్కటెముకల సందులో పెట్టిన మొన వేలితో చిటిక వేసినట్టు తాకుతూ ఒక అలను లోపలికి పంపుతుంది. కాలేయం ఎంత బిరుసెక్కితే అల అంత వేగంగా పోతుంది. కనీసం పది కొలతల మధ్యమం తీసుకుంటారు. మా వాడికి 8.1 కిలోపాస్కల్ వచ్చింది, 7 దాటితే ఆలోచించాలి. హెచ్‌బీఈఏజీ నెగటివ్ వచ్చింది. డీఎన్‌ఏ మిల్లీలీటరుకు 38,400 అంతర్జాతీయ యూనిట్లు. కొన్ని ల్యాబులు ఇదే అంకెను కాపీలలో ఇస్తాయి, ఒక యూనిట్ సుమారు ఐదు కాపీలు కాబట్టి రెండు రిపోర్టులను పోల్చేవారు ఆ ఒక్క మాట చూసుకోకపోతే వైరస్ ఐదింతలైందని బెంబేలు పడతారు. చికిత్సకు అర్హత చూసే హద్దు 2,000 యూనిట్లు. మా వాడు అన్ని కొలతలలోనూ హద్దు దాటాడు.

మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసి టెనోఫోవిర్ అనే మందు మొదలుపెట్టారు. రోజుకు ఒక మాత్ర, ఉచితం. ఇది వైరస్ నకళ్లు తయారు కాకుండా ఆపుతుంది గాని, కాలేయ కణ కేంద్రకంలో వలయంగా చుట్టుకొని దాక్కున్న వైరస్ డీఎన్‌ఏను తీసివేయలేదు. అందుకే నెగటివ్ కావడం అన్న హామీ ఆవిడ ఇవ్వలేదు, సొంతంగా ఆపితే కాలేయం ఒక్కసారిగా మంట పుట్టినట్టు దెబ్బతింటుందని మాత్రం రెండుసార్లు హెచ్చరించారు. ఆ వలయం ఎంత చురుకుగా ఉందో రక్తంలో కొలవడానికి హెచ్‌బీ కోర్ సంబంధిత యాంటిజెన్, వైరస్ ఆర్‌ఎన్‌ఏ వంటి కొత్త సూచికల మీద ఇప్పుడు పని జరుగుతోంది. డీఎన్‌ఏ పరీక్ష అందని చోట్ల మొదటిది చౌకైన ప్రత్యామ్నాయం కాగలదన్న ఆశ ఉంది. కౌన్సెలరు ఇచ్చిన చీటీలో భార్యాపిల్లల పరీక్షలు, నెగటివ్ అయితే 0, 1, 6 నెలల టీకాలు రాసి ఉన్నాయి. పిల్లలిద్దరికీ బాల్యంలోనే టీకాలు పడ్డాయి, ఇద్దరూ నెగటివ్. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశపు తొలి స్వదేశీ రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకాను అందరికీ అందే ధరకు తెచ్చింది. మా బావమరిది దానికి పన్నెండేళ్ల ముందు పుట్టాడు.

చీటీ రాస్తూ ఆ కౌన్సెలరు తల ఎత్తకుండానే, “అమ్మగారు ఉన్నారా? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు?” అని అడిగింది. డయాగ్నస్టిక్ కేంద్రంలో మమ్మల్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. రిపోర్టు కింద ‘కుటుంబ సభ్యులకు, ముఖ్యంగా తల్లికి, తోబుట్టువులకు పరీక్ష అవసరం’ అని ఒక వాక్యం ముద్రించడానికి పైసా ఖర్చు ఉండదు. తరువాత నేను అక్కడికి వెళ్లి ఈ సంగతి, ప్లేట్‌లెట్ల సంగతి చెప్పాను. ప్యాకేజీలు హెడ్ ఆఫీసులో నిర్ణయమవుతాయని మర్యాదగా సమాధానం ఇచ్చారు. రక్తం తీసే పనితనానికి, శుభ్రతకు, సమయపాలనకు ఆ కేంద్రాన్ని నేను మెచ్చుకుంటాను. హెపటైటిస్ అనుమానంతో వెళ్లేవారికి మాత్రం ఆ ప్యాకేజీని సిఫారసు చేయను. విడిగా హెచ్‌బీఎస్‌ఏజీ (ఉపరితల యాంటిజెన్), ప్లేట్‌లెట్లు తెలిపే పూర్తి రక్త పరీక్ష, కాలేయ పరీక్ష చేయించుకొని, పాజిటివ్ వస్తే ఆ కాగితాలతోనే చికిత్స కేంద్రానికి వెళ్లమంటాను.

మరుసటి వారం మా అత్తగారిని, నా భార్యను, మరదలిని తీసుకొని వెళ్లాము. అక్కాచెల్లెళ్లిద్దరికీ ‘సీ’ దగ్గర ఒకే గీత. అరవై మూడేళ్ల మా అత్తగారి కార్డులో ‘టీ’ గీత ఐదు నిమిషాలకే ముదురుగా తేలింది. ఫైబ్రోస్కాన్‌లో 13.6 వచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ కళ్లు ఒక్కసారి కూడా పచ్చబడలేదు. వైద్యురాలు ఆవిడకు మాత్ర రాసి, ఆరు నెలలకొకసారి కాలేయ క్యాన్సర్ గడ్డ కోసం అల్ట్రాసౌండ్, ఆల్ఫా ఫీటోప్రోటీన్ రక్త పరీక్ష తప్పక చేయించాలని చెప్పారు. మొదటి స్కానులో గడ్డ ఏదీ కనిపించలేదు. రెండోది వచ్చే నెలలో ఉంది. చూర్ణం సీసాను ఆవిడే తీసి పక్కన పెట్టి, ఆ చోట మాత్రల డబ్బా పెట్టుకున్నారు.